పని పట్టుకుంటే చాలు పిల్లి వచ్చేస్తోంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో "మీరు సరదాగా చేసుకునే పనికి మీ ఇంట్లో పిల్లి ఎలా అడ్డొస్తోందో రాయండి" అని అడిగాం కదండీ, ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నరసాపురం నుంచి కాకినాడ దాకా గోదావరికి రెండు పక్కలా ఇళ్ళల్లో ఇదే గొడవన్నమాట. కొన్ని ఉత్తరాల్లో విసుగుంది, కొన్నిట్లో భయముంది, ఒకటి రెండిట్లో అయితే ఇంక ఓపిక లేదు గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేద్దామనుకుంటున్నాం అని కూడా రాశారు. ఆ మాట చదివి నాకు చాలా కష్టమనిపించింది. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి, ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లికి కొత్త చోట తిండి ఎక్కడుందో తెలీదు, కుక్కలెక్కడున్నాయో తెలీదు, మీ గొంతు కోసం వెతుక్కుంటా తిరుగుద్ది. అంచేత ఈసారి పేజీ మొత్తం దీనికే పెట్టేశాను.

ప్రశ్న: పిన్నిగారూ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. మా అమ్మమ్మ, అమ్మ లేసు అల్లే ఇల్లు నడిపారు, నేను ఉద్యోగం మానేశాక సరదాకి అల్లుకుంటున్నాను, ఒక బల్లగుడ్డ మొదలెట్టి మూడు నెలలైంది. మా చిట్టికి ఏడాదిన్నర. నేను సూది చేతిలోకి తీసుకున్నానంటే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి దారం మీద పడిపోద్ది, ఉండ లాక్కుపోయి మంచం కింద దాచేస్తది. మొన్న అల్లిన పువ్వులు నాలుగు పీకేసింది. కొట్టబుద్ధి కాదు, తలుపేసుకుంటే ఒకటే అరుపులు. ఏం చెయ్యమంటారు?
(పాఠకురాలు, నరసాపురం)

జవాబు: అమ్మా, ముందు ఈ పేజీ పక్కన పెట్టేసి వెళ్ళి ఆ దారం ఉండలన్నీ మూతున్న డబ్బాలో పెట్టి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. పువ్వులు పోతే మళ్ళీ అల్లుకుంటారు, నా భయమంతా దారం గురించే.

చిట్టి మీ చెయ్యి నాకినప్పుడు ఆకురాయితో గీకినట్టుంటది కదా, ఆ నాలుక మీద సన్న ముళ్ళుంటాయి, అన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. దాంతో దారం ఒకసారి నోట్లోకెళ్ళిందంటే దాన్ని బయటికి తోసెయ్యడం పిల్లికి చాలా కష్టం, లోపలికే దిగిపోతా ఉంటది. ఒక కొస నాలుక కింద మెలి పడి ఆగిపోద్ది, రెండో కొస పేగుల్లోకి వెళ్ళిపోద్ది. పేగేమో దాన్ని ముందుకి నెడదామని చూస్తది, పైన మెలి పడింది కాబట్టి దారం కదలదు, అప్పుడు లంగాకి బొందు లాగితే గుడ్డంతా కుచ్చుపడిపోయినట్టు పేగంతా ఆ దారం మీదకి కుచ్చుపడిపోద్ది. అలా బిగుసుకున్న దారం రంపంలా పేగుని కోసేస్తది.

పాలకొల్లులో ఉన్న రోజుల్లో మాకు చుక్క అని తెల్లపిల్లి ఉండేది, నుదుటి మీద నల్లమచ్చ. రెండ్రోజులు అన్నం ముట్టలేదు, కక్కుకుంది, వేడి చేసిందేమో అనుకున్నాం. మూడో రోజు పొద్దున దాని వెనక రెండంగుళాల తెల్లదారం వేలాడతా కనపడింది, నేనే పట్టుకుని లాగాను. కొంచెం వచ్చింది, తర్వాత బిగిసింది. ఇంకాస్త లాగాను. అది ఒక్కసారి నడుం వంచేసి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మర్నాడు సాయంత్రానికి లేదండి. ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ సూదిలో దారం బిగుసుకుంటే ఆ బిగువు నా వేళ్ళకి తెలుస్తది.

అందుకని మీకే కాదు లేసు అల్లే ప్రతి ఇంటికీ చెప్తున్నాను, నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం కనపడితే లాగకండి. కొస చిన్నదే కనపడుతుంది గానీ లోపల ఎంతుందో, సూది కూడా ఉందేమో మనకి తెలీదు. బుట్టలో పెట్టుకుని అలాగే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిపోండి. దారం కనపడకపోయినా ఊరికే కక్కుకోవడం, తిండి మానెయ్యడం, చొంగ కార్చడం, మూల చీకట్లో నక్కి కూచోడం ఇవన్నీ ఒకేసారి మొదలైతే "మా ఇంట్లో లేసు దారం ఉంటదండీ" అని ఆ మాట ముందే చెప్పండి, డాక్టరు గారు నాలుక ఎత్తి చూస్తారు, ఆపరేషన్ అవసరమైతే ఆలస్యం అవ్వకుండా ఉంటది.

ఇంక అది ఎందుకొస్తందంటే, మీరు ఎలా అల్లుతారో ఒకసారి చిట్టి కళ్ళతో చూడండి. దారం అంగుళం జరుగుద్ది, ఆగుద్ది, మళ్ళీ చటుక్కున జరుగుద్ది, ఉండేమో గచ్చు మీద ఇటో చుట్టు అటో చుట్టు దొర్లుద్ది. గోడ వారన ఎలుకపిల్ల నడిచేది అచ్చం అలాగే. పైగా మీరు వంటపని అంతా అయ్యాక సాయంత్రం కూచుని ఉంటారు, పిల్లికి ఒళ్ళు చురుగ్గా ఉండేది కూడా తెల్లారగట్ట, సందెవేళా, రోజులో పన్నెండు నుంచి పదహారు గంటలు పడుకుని ఆ బలమంతా ఈ రెండు వేళల కోసం దాచుకుంటది. మీరు సరిగ్గా దాని వేటవేళకి ఎలుకని ఆడిస్తా కూచున్నారన్నమాట.

అంచేత ఆ వేట ఏదో ముందే అయిపోనివ్వండి. కొబ్బరి ఈనెలు నాలుగైదు కలిపి కట్టి చివర కోడి ఈక గట్టిగా బిగించి (ఆట అయ్యాక ఇది కూడా బీరువాలోకి వెళ్ళిపోవాలి) మీరు లేసుకి కూచునే ముందు పది పదిహేను నిమిషాలు ఆడించండి. మంచం కిందకి పాకించండి, తలుపు వెనక దాచండి, చివర్లో మాత్రం తప్పకుండా పట్టుకోనివ్వండి, దొరక్కుండా ఊరించి వదిలేస్తే అది ఇంకా కసిగా దారం మీదకే వస్తది. పట్టుకున్నాక వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోడం, నిద్ర, దాని వరస అదే, నాలుగోది వచ్చేసరికి మీకు గంటా గంటన్నర దొరుకుద్ది.

ఉండని ప్లాస్టిక్ సీసాలో వేసి మూతకి కన్నం పెట్టి (అంచు గరుగ్గా లేకుండా కాస్త కాల్చి నున్నగా చెయ్యండి, లేపోతే దారం తెగిపోద్ది) అందులోంచి దారం తీసుకోండి, ఉండ దొర్లకపోతే సగం ఆకర్షణ పోయినట్టే. లేచేటప్పుడు అల్లిన గుడ్డా సూదీ సీసా అన్నీ బీరువాలో పెట్టండి, అయిదు నిమిషాల్లో వస్తాను కదా అని మంచం మీద వదలకండి.

తలుపు అరుపుల సంగతి. అరిచినప్పుడు ఒకరోజు తలుపు తీసి ఒకరోజు తియ్యకపోతే అది మానదండి, ఇంకా ఎక్కువ సేపు అరవడం నేర్చుకుంటది. మీరు గట్టిగా నిలబడితే మొదటి మూడు నాలుగు రోజులు అరుపులు పెరుగుతాయి, అయిదో రోజున పోనీలే పాపం అని తీశారంటే ఈసారి నుంచి అయిదు రోజులు అరవాలని దానికి తెలిసిపోద్ది. కానీ నా మాట అడిగితే అసలు తలుపెయ్యకండి, ఆడించి తిండి పెట్టి పక్కన పీట మీద మీ పాత చీర మడతేసి చోటివ్వండి. అల్లడం మాత్రం మానకండమ్మా. మీ అమ్మమ్మల చేతుల మీదగా వచ్చిన పని, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ప్రాంతానిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, ఆ బల్లగుడ్డ పూర్తయ్యాక ఫొటో పంపండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. చిన్నప్పట్నుంచీ పద్యాలంటే ప్రాణం, ఇప్పుడు హార్మోనియం కొనుక్కుని సాయంత్రాలు సాధన చేస్తున్నాను. పద్యం చివర రాగం తీయగానే మా పిల్లి వచ్చి నా గుండెల మీద కాళ్ళు పెట్టి మొహంలోకి చూస్తా అరుస్తుంది. హార్మోనియం తిత్తి వెనక దూరిపోతుంది, గోళ్ళతో గీకుతుంది. మేం శాకాహారులం, దానికి పెరుగన్నం, పాలన్నం లోటు లేకుండా పెడుతున్నాం. నా గొంతు బాలేదని అరుస్తోందా అని మా ఇంట్లో అంటున్నారు.
(పాఠకుడు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ గొంతులో లోపమేం లేదండి, పద్యం మానకండి.

మన చెవికి వినపడే పై హద్దు 20 కిలోహెర్ట్జ్ అయితే పిల్లికి 64 దాకా వినపడుద్ది, గోడలో ఎలుకపిల్ల సన్నగా కీచుమన్నా దానికి తెలిసేది అందుకే. అంత చెవి ఉన్న ప్రాణికి అడుగు దూరంలో మీరు పైస్థాయిలో రాగం సాగదీసి నిలబెడితే అది పాటని దానికేం తెలుసు, తనవాళ్ళెవరో పిలుస్తున్నారనో బాధపడుతున్నారనో అనుకుంటది. కోపమొచ్చిన పిల్లి అయితే చెవులు వెనక్కి పెట్టి తోక కొడతా ఇంకో గదిలోకి పోద్ది, గుండెల మీద కాళ్ళు పెట్టి మొహంలోకి చూసే పిల్లి మీ కోసమే వచ్చింది. 2019లో అమెరికాలో పిల్లిపిల్లల్ని పరీక్షించి చూస్తే వాటిల్లో 64 శాతం, పెంచేవాళ్ళు గదిలోకి తిరిగి రాగానే ధైర్యం తెచ్చుకున్నాయట, పసిపిల్లలు అమ్మని చూసి కుదుటపడ్డట్టు. మీదీ ఆ కోవలోదే. అలా వచ్చినప్పుడు పాట ఆపి తిట్టడం గానీ ఎత్తుకుని ముద్దు చెయ్యడం గానీ వద్దు, ఒక చెయ్యి దాని వీపు మీద వేసి మెల్లగా నిమురుతా పద్యం సాగించండి, కిందిస్థాయిలో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళండి. వారం పది రోజుల్లో అలవాటు పడుద్ది.

తిత్తి వెనక చీకటి సందు కదా, అలాంటి సందు చూస్తే దూరకుండా ఉండలేదు. వాయించడం అవ్వగానే తిత్తి మూసి కొక్కెం పెట్టి దుప్పటి కప్పెయ్యండి. గీకడం దాని అవసరం, గోళ్ళ పై పొర రాలాలన్నా ఒళ్ళు సాగదీసుకోవాలన్నా గీకాల్సిందే, కాబట్టి వేరే చోటు చూపించాలి. కోనసీమలో ఉన్నారు, కొబ్బరితాడుకి లోటేముంది, రెండున్నర మూడడుగుల చెక్క గుంజకి తాడు దగ్గరదగ్గరగా చుట్టి హార్మోనియం పెట్టిన గదిలోనే గట్టిగా నిలబెట్టండి, పట్టుకుంటే ఊగకూడదు. దగ్గర దగ్గర వారంలో తిత్తి జోలికి రావడం మానేస్తది.

మాస్టారూ, తిండి గురించి మాత్రం నొచ్చుకోకుండా వినండి. పెరుగన్నంతో పిల్లి బతకదండి. టారిన్ అనే పదార్థం మన ఒళ్ళు తయారు చేసుకుంటది, పిల్లి ఒళ్ళు చాలినంత చేసుకోలేదు, మాంసం, చేపల్లోంచే రావాలి. అది తక్కువైతే చూపు పోద్ది, గుండె కండరం సాగిపోద్ది, ఆ గుండెజబ్బు టారిన్ లోటు వల్లేనని 1987లోనే తేల్చారు. పైగా పెద్దపిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మీ ఇంట్లో వండలేరు, అది నాకు తెలుసు, వండక్కర్లేదు కూడా, పిల్లుల కోసం అమ్మే పొడి మేత ప్యాకెట్టు తెచ్చి వరండాలో దాని గిన్నెలో వెయ్యండి, టారిన్ అందులో కలిపే ఉంటది. సాయంత్రం అది మీ చుట్టూ తిరగడంలో సగం ఆకలే అయ్యుంటుందని నా నమ్మకం.

ప్రశ్న: అక్కా, మేడ మీద కుండీలు ఎనభై దాకా ఉన్నాయి, రెండు మూడు నెలలకోసారి కడియపులంక వెళ్ళి కొత్త మొక్కలు తెచ్చుకోకపోతే నాకు తోచదు. మా పిల్లి ప్రతి కుండీ తవ్వేస్తోంది, అందులోనే దొడ్డికి వెళ్తోంది. కలరా ఉండలు వేస్తే రాదని ఎవరో చెప్పారు, వెయ్యనా? ఇంకో సంగతి, మా కోడలికి మూడో నెల, కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లి ఉండకూడదని అందరూ అంటున్నారు.
(పాఠకురాలు, రావులపాలెం)

జవాబు: కలరా ఉండలు వద్దు చెల్లీ, వెయ్యనే వెయ్యకు. ఆ వాసన పీల్చినా, కాలికంటింది నాక్కున్నా రక్తం చెడిపోద్ది. ఫినాయిల్ కూడా అంతే, మన కాలేయం విరిచేసే కొన్ని విషాల్ని పిల్లి కాలేయం విరవలేదు. కారప్పొడి చల్లమని కూడా చెప్తారు, కాళ్ళకంటుకుని కళ్ళు రుద్దుకుంటే ఎంత బాధో ఆలోచించు.

తవ్వడానికి కారణం నువ్వే కుండీలో పోస్తున్నావు. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి మెత్తగా, పొడిగా, కాలితో కప్పెట్టడానికి వీలుగా ఉంటది, పిల్లికి అంతకంటే మంచి దొడ్డి ఉండదు. కాబట్టి దానికి వేరే దొడ్డి పెట్టు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకుని నాలుగంగుళాల ఎత్తున గోదారి ఇసక పోసి, మొదట్లో అది తవ్విన కుండీలోని మట్టి గుప్పెడు పైన చల్లి, మేడ మీద నీడగా ఉన్న మూల పెట్టు. అన్నం గిన్నె దగ్గర పెట్టకు. రోజూ తీసెయ్యి. ఇది చేస్తానే కుండీల్లో మొక్క మొదలు చుట్టూ గులకరాళ్ళు గానీ కొబ్బరి డొక్క ముక్కలు గానీ పరిచెయ్యి, కాలు పెడితే గుచ్చుకునేలా కాదు, తవ్వడానికి చోటు లేకుండా. రెండూ కలిపి చేస్తేనే పని జరుగుద్ది, ఒక్కటి చేస్తే జరగదు.

దానికంటూ ఒక కుండీ ఇవ్వు. దొడ్లో కలుపనుకుని పీకేసే కుప్పింటాకు ఉంటది చూడు, కొంతమంది మురిపిండాకు అంటారు, వేరుతో సహా పీకి పిల్లి ముందు పడేసి చూడు. ఆకు పట్టించుకోదు, వేరు దగ్గర మొహం పెట్టి రుద్దుకుని దొర్లి దొర్లి మైకంలో పడిపోద్ది, విదేశాల్లో పిల్లులకి క్యాట్‌నిప్ అని అమ్ముతారే, అదే వరస. ఓ పావుగంట ఆ మొక్కతో గడిపిందంటే నీ గులాబీల జోలికి రాదు.

ఇప్పుడు నర్సరీ సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. బొకేల్లో వచ్చే పెద్దపెద్ద బాకాపువ్వుల లిల్లీ ఉంది కదా, ఆ అసలు లిల్లీ జాతీ, డే లిల్లీ అని అమ్మేదీ ఇంట్లోకి తేకు. ఆకు, పువ్వు, పుప్పొడి, ఆఖరికి ఆ పువ్వులు పెట్టిన సీసాలో నీళ్ళు కూడా పిల్లికి ప్రాణాంతకం. పుప్పొడి బొచ్చు మీద రాలితే అది నాక్కుంటది, అంతే చాలు, ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు పోతాయి. అలా జరిగిందని అనుమానం వస్తే కక్కే దాకా ఆగకు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి. మనం దండల్లో గుచ్చుకునే లిల్లీ వేరు, అది నేలసంపెంగ, పేరే లిల్లీ గానీ ఆ జాతి కాదు, నర్సరీలో పేరు విని కంగారు పడకుండా మొక్కని చూసి తెచ్చుకో. గన్నేరు, సైకస్ కూడా పిల్లి ఉన్న మేడ మీద వద్దు.

మీ కోడలి విషయం. పిల్లిని పంపెయ్యక్కర్లేదమ్మా, పెంట మాత్రం ఆ అమ్మాయి తియ్యకూడదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మక్రిమి గురించే ఈ భయమంతా, అది పిల్లి పెంటలోంచి వస్తది గానీ పెంట పడిన వెంటనే అంటుకోదు, ఒకటి నుంచి అయిదు రోజులు గడిచాకే అంటుకునే స్థితికి వస్తది. అందుకే ఇసక టబ్బు ఎవరో ఒకరు రోజూ తీసేస్తే చాలావరకు ప్రమాదం పోయినట్టే. అసలు జాగ్రత్త కుండీల మట్టి దగ్గర, ఎప్పట్నుంచో పిల్లి వెళ్ళిన మట్టి అది. కోడలు మట్టిపని చెయ్యకూడదు, చేస్తే గ్లౌజులు వేసుకుని తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, మేడ మీద పెంచిన తోటకూర, కొత్తిమీర బాగా కడిగి వండాలి, మాంసం బాగా ఉడకాలి. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, దాన్ని బయట తిరగనివ్వకుండా ఇంట్లోనే ఉంచండి. ఆ అమ్మాయి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఇంట్లో పిల్లి ఉందని డాక్టరమ్మకి చెప్తే కావాలంటే రక్తపరీక్ష చేయిస్తారు.

ప్రశ్న: ఆదివారమొస్తే కాలవగట్టు మీద గాలం వేస్తానండి, పిల్లి వెనకాలే వస్తుంది. ఎర డబ్బా తన్నేస్తుంది, ఇంటికొచ్చాక సంచిలో తల పెట్టేస్తుంది. మానిపించేదెలా?
(పాఠకుడు, రాజోలు)

జవాబు: బాబూ, ఎర తన్నేస్తే ఇంకో వానపాము దొరుకుద్ది. సంచిలో తల పెట్టడమే నాకు భయం. ఎర వాసన పట్టిన ముల్లు పిల్లికి తిండే, నాకబోతే పెదవికో నాలుకకో దిగిపోద్ది, మింగితే ఇంకా ఘోరం, ముల్లుతో పాటు తంగూసు కూడా పోద్ది, పైన లేసు దారం గురించి రాసిందంతా దానికీ వర్తిస్తది. గట్టు దిగేముందే ముల్లు కోసి మూత బిగిసే డబ్బాలో వెయ్యి, తెగిన తంగూసు గట్టు మీద పారెయ్యకు, కొంగలకీ కాళ్ళకి చుట్టుకుంటది. ముల్లు దిగిందంటే వెనక్కి లాగకు, దానికి పక్కముల్లుంటది, కండ చీరేస్తది. చేపల్లో దానికో వాటా ముందే తీసెయ్యి, ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా పడకముందు ఉత్త నీళ్ళల్లో ఉడకబెట్టి ముళ్ళు తీసి పెట్టు, ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తాన్ని విరిచేస్తాయి. పులస దొరికిన రోజు కూడా ముళ్ళు తియ్యకుండా పెట్టకు, ఆ చేపకి ముళ్ళెన్నో మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: ధనుర్మాసం నెల రోజులూ నాకు ముగ్గులే లోకమండి. చుక్కలు పెట్టి సగం కలిపేసరికి మా పిల్లి మధ్యలోంచి నడుచుకుంటా వెళ్ళి అక్కడే దొర్లుతుంది. రంగులన్నీ దాని ఒంటికే.
(పాఠకురాలు, భీమవరం)

జవాబు: తెల్లారగట్ట దానికి హుషారు వేళ అని పైన రాశాను కదమ్మా, చలికాలం అయినా వాకిట్లో కళ్ళాపి చల్లిన నేల వాసన దానికి కొత్తగా ఉంటది, దొర్లి తన వాసన అంటించుకుంటది. కళ్ళాపికి ముందే దాని తిండి పెట్టేసి ముగ్గు అయ్యే దాకా లోపల ఉంచండి, గంట సేపే కదా. ముగ్గు పాడైన దానికంటే రంగు దాని ఒంటి మీద ఉండిపోవడం పెద్ద సమస్య, అంతా నాలుకతోనే శుభ్రం చేసుకుంటది, ఆ రంగుపొడుల్లో ఏం కలుపుతారో తెలీదు. గోరువెచ్చటి నీళ్ళల్లో గుడ్డ తడిపి కాళ్ళూ పొట్టా తుడిచెయ్యండి. సున్నం మాత్రం ముగ్గులో వద్దు, పాదాలు పొక్కుతాయి. బియ్యప్పిండితో వేస్తే అది నాక్కున్నా బెంగ లేదు, చీమలకీ కాస్త తిండి.

ప్రశ్న: అత్తా, నేను తొమ్మిదో క్లాస్. బొమ్మలు వెయ్యడం అంటే ఇష్టం. మా బుజ్జిగాడు సరిగ్గా నేను వేస్తున్న పేపరు మీదే వచ్చి కూర్చుంటాడు, పక్కన ఇంకో పేపరు వేసినా రాడు. రంగునీళ్ళు తాగేస్తాడు. మొన్న గోదారి బ్రిడ్జి బొమ్మ వేస్తుంటే తడిరంగులో కాలు పెట్టి ఆకాశం అంతా నడిచాడు. కావాలని చేస్తున్నాడా?
(పాఠకురాలు, కాకినాడ)

జవాబు: కావాలని నీ దగ్గరికే వస్తున్నాడు బంగారం, బొమ్మ పాడు చెయ్యాలని మాత్రం కాదు. నువ్వు దేని వైపు చూస్తున్నావో వాడికి తెలుసు, ఆ చోట కూర్చుంటే నీ కళ్ళు వాడి మీద పడతాయి, పక్క పేపరు వైపు నువ్వు చూడట్లేదు కదా అందుకే అక్కడికి రాడు. 2017లో పిల్లులకి తిండి, బొమ్మ, వాసన, మనిషి తోడు, నాలుగూ ఎదురుగా పెట్టి ఏది కావాలో తేల్చుకోమంటే సగం పిల్లులు మనిషినే ఎంచుకున్నాయి, తిండి కూడా రెండోదే.

ఇంకోటి వెచ్చదనం. మనకి హాయిగా ఉండే గదిలో పిల్లికి కాస్త చలిగానే ఉంటది, దాని ఒంటికి 30 నుంచి 38 డిగ్రీల మధ్య హాయి. నీ చేతులు, టేబుల్ లైటు, పేపరు మీద పడే వెలుగు, అన్నీ అక్కడే ఉన్నాయి. కాబట్టి నీ ఎడం చేతి పక్కన, లైటు కిందకి వచ్చేలా ఒక అట్టపెట్టె పెట్టు, వాడు నిలువునా పట్టేంత చాలు, పెద్దది వద్దు, అందులో నువ్వు వేసుకుని విడిచిన బట్ట ఒకటి వెయ్యి. బొమ్మ మొదలెట్టే ముందు అయిదు నిమిషాలు పూర్తిగా వాడితోనే ఉండు, ఫోన్ లేకుండా. తర్వాత వాడు పేపరెక్కితే మాట్లాడకుండా ఎత్తి పెట్టెలో పెట్టు, పెట్టెలో ఉన్నప్పుడే తల నిమురు, పేపరు మీద ఉన్నప్పుడు నిమరకు. ఇది ఇంట్లో అందరూ పాటించాలి, నాన్నగారు పేపరు మీద ఉన్నప్పుడు ముద్దు చేశారంటే నీ కష్టమంతా పోద్ది.

రంగునీళ్ళు ఇక నుంచి గ్లాసులో పెట్టకు. మూతున్న సీసాలో పెట్టి మూతకి కుంచె పట్టేంత కన్నం చేసుకో. వాడి నీళ్ళ గిన్నె అన్నం గిన్నెకి దూరంగా, నీ టేబుల్ దగ్గర్లో పెట్టు, వెడల్పాటిది, మీసాలు అంచుకి తగలనంత, రోజూ మార్చు. తడిరంగు కాళ్ళకంటితే వాడు నాక్కోకముందే తుడిచెయ్యాలి, టర్పెంటైన్ మాత్రం ఎప్పుడూ వాడకు, సబ్బునీళ్ళు చాలు.

ఆకాశంలో నడిచిన బొమ్మ దాచిపెట్టు. ఎండిన తర్వాత ఆ అడుగుల మీద పల్చగా తెలుపు వేసి చూడు, వానాకాలం ముందు గోదారి మీద మబ్బులు అలాగే చిన్నచిన్న ముక్కలుగా వస్తాయి. అయిపోయాక పంపు, ఈ పేజీలోనే వేద్దాం, కింద నీ పేరు పక్కన బుజ్జిగాడి పేరు కూడా రాసి పంపు.